చూసి వదిలేశాను

“ముక్కులోంచి వస్తున్నాయిరా తమ్ముడూ, ముక్కులోంచి!”

మా అక్క పెట్టిన కేకకి గోదాంలోంచి వంటింట్లోకి పరిగెత్తాను. మా ఆవిడ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. చేతిలో గ్లాసు. తాగిన మంచినీళ్లు గొంతు దిగకుండా కుడి ముక్కులోంచి కారి, పెదవి మీదుగా మళ్లీ గ్లాసులోకే పడుతున్నాయి. పంపిన సరుకు పంపినట్టే వాపసు వస్తే వ్యాపారి ఎలా చూస్తాడో, ఆవిడ ఆ గ్లాసుని అలా చూస్తోంది.

“ఇంకోసారి తాగు,” అన్నాను. ఒక్కసారి జరిగినదాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

తాగింది. మళ్లీ వచ్చాయి.

“దాకేం కాలేదు,” అంది. ‘న’ అనబోతే ‘ద’ అవుతోంది. ముక్కు దిబ్బడేసినట్టుంది.

“ఏం కాకపోవడమేంటి! కోడలు అత్త పళ్లు పీకడం ఎక్కడైనా విన్నామా? నేను ముందే చెప్పాను. ఊళ్లో ఇంకెవరూ డాక్టర్లు లేనట్టు ఇంటి డాక్టరు దగ్గరికే వెళ్లారు. ఇప్పుడు అనుభవించండి,” అంది మా అక్క.

ఆ మాట పూర్తవుతుండగానే కోడలు మెట్లు దిగి వచ్చింది. ఆసుపత్రికి బయలుదేరుతూ భుజాన సంచీ తగిలించుకుని ఉంది. కిందటి వారం అత్తగారి కుడి పక్క జ్ఞానదంతాలు, పైదీ కిందిదీ, తన చేతుల్తో తీసింది తనే. సంచీ కింద పడేసి అత్తగారి ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

“నోరు తెరవండి అత్తయ్యా.”

తెరుచుకోలేదు. దవడ బిగుసుకుపోయి, పళ్ల మధ్య వేలు పట్టేంత సందు మాత్రమే వచ్చింది. ఆ సందులోంచే కోడలు దీపం వేసి చూసింది. తర్వాత ముక్కు రెండు వేళ్లతో మూసి, “మెల్లగా ఊదండి, చాలా మెల్లగా,” అంది. నోట్లో ఎక్కడో బుడగలు చిట్లిన చప్పుడు వినిపించింది.

కోడలి మొహం పాలిపోయింది.

“ఏంటమ్మా?” అన్నాను.

“బుగ్గ ఎముక వెనకాల ఒక గాలి గది ఉంటుంది మామయ్యా. సైనస్ అంటాం. పై జ్ఞానదంతం వేళ్లు దాని నేలని తాకుతూ ఉంటాయి. పన్ను తీశాక ఆ గుంటలో రక్తం గడ్డకట్టి మూతలా నిలబడాలి. ఆ మూత ఊడిపోయింది. నోటికీ సైనస్‌కీ మధ్య దారి పడింది.”

“అంటే మన పైకప్పుకి చిల్లు.”

“పైవాళ్ల నేలకి,” అంది. నవ్వలేదు. “లోపల చీము కూడా పట్టినట్టుంది. కింద పన్ను తీసిన పక్క కండరాలు బిగుసుకున్నాయి, అందుకే దవడ రావట్లేదు.”

మాది టీ వ్యాపారం. తోటల నుంచి వచ్చే ప్రతి నమూనా మా ఆవిడ నాలుక దాటాకే గోదాంలో అడుగుపెడుతుంది. ఏ ఆకు ఏ ఆకుతో కలిస్తే కప్పులో రుచి నిలబడుతుందో ఆవిడ చెబుతుంది, నేను కొంటాను. నేను బేరం చేయగలను, నమ్మించగలను, అరువు ఎగ్గొట్టేవాణ్ణి గుమ్మం దగ్గరే పసిగట్టగలను. రుచి మాత్రం నాకు తెలియదు. గోదాం కాలిపోతే ఇంకోటి కడతాను. ఆ నోరు పోతే మాకు మిగిలేది సంచుల నిండా ఎండుటాకు.

“మళ్లీ బాగవుతుందా?” అన్నాడు మా అబ్బాయి. ఎప్పుడొచ్చాడో, తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అడిగింది భార్యనే అయినా చూపు నేల మీద ఉంది.

“నోరు బాగవుతుంది. చిన్న కన్నమైతే దానంతటదే మూసుకునేది. ఇది అలా మూసుకునేట్టు లేదు, కుట్టాలి,” అంది. “వాసన, రుచి ఎంతవరకు తిరిగొస్తాయో ఇప్పుడే చెప్పలేను.”

పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. ఎవరూ కట్టేయలేదు.

తర్వాత కోడలు ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. డాక్టరు గొంతుతో అడగాలని చూసింది గానీ కోడలి గొంతే వచ్చింది.

“ముక్కు గట్టిగా చీదారా అత్తయ్యా?”

“లేదు.”

“గొట్టం పెట్టి ఏమైనా పీల్చారా? పళ్లరసం, మజ్జిగ?”

“లేదమ్మా. నువ్వు వద్దన్నావుగా.”

“వేడిగా టీ తాగారా?”

“తాగలేదు. మర్నాడు బల్ల దగ్గర కూర్చున్నాను గానీ ఒక్క చుక్క తాగలేదు. చూసి వదిలేశాను.”

కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని నిమిరింది. “ఎదురుగా పెట్టుకుని కూడా తాగలేదా! మీ అంత మాట వినే పేషెంటు నాకింతవరకు దొరకలేదు. అయితే తప్పు నాదే. తీసేటప్పుడే ఎముక చిట్లి ఉంటుంది, నేను గమనించుకోలేదు.”

“ఒప్పుకుంది,” అంది మా అక్క, గాలితో మాట్లాడుతున్నట్టు.

“అత్తా, నువ్వు కాసేపు ఊరుకుంటావా!” అన్నాడు అబ్బాయి.

“ఊరుకుంటానురా అల్లుడూ. మీ అమ్మ ముక్కుతో నీళ్లు తాగుతుంటే నేను నోరు మూసుకుని కూర్చుంటాను. ఈ ఇంట్లో నోరు తెరవగలిగింది నేనొక్కదాన్నే, అదీ మూసేయండి.”

అబ్బాయికి చెప్పుకోలేని కోపం వచ్చింది. పెళ్లాన్ని వెనకేసుకొస్తే అమ్మకి అన్యాయం, అమ్మ వైపు మాట్లాడితే పెళ్లానికి. రెండు వైపులా సమానంగా బరువున్న త్రాసు ముల్లులా నిలబడిపోయాడు. కోడలు సంచీ తీసుకుని లేచింది.

“మా పెద్ద డాక్టరుగారికి అప్పగిస్తాను మామయ్యా. ఇక నేను ముట్టుకోను,” అంది. గుమ్మం దాటాక ఇంకో మాట వినిపించింది. “అసలు ఇంకెవరి పన్నూ ముట్టుకోనేమో.”

మా ఆవిడ ఆ మాట విని లేవబోయింది. దవడ సలుపు పైకి ఎగదన్నింది కాబోలు, బుగ్గ పట్టుకుని కూలబడింది.

*

ఆ రెండు రోజులు ఇల్లు దుకాణం మూసిన వీధిలా ఉంది. స్కాన్ తీశారు. కుడి సైనస్ నిండా చీము. మందులు మొదలయ్యాయి. కోడలు వేళకి మాత్రలు ఇస్తోంది, వేడి గుడ్డ కాపడం పెడుతోంది, మాట్లాడటం లేదు. మా ఆవిడ మాట్లాడబోతే పళ్ల మధ్య సందు చాలడం లేదు. మా అక్క ఒక్కతే ముగ్గురి వంతూ మాట్లాడుతోంది.

నమూనాలు మాత్రం ఆగవు. తోటలవాళ్లకి మా ఇంట్లో ముక్కుతో పనిలేదు. నేనూ అబ్బాయీ చూపుల గదిలో కూర్చున్నాం.

చూపుల గదంటే గోదాం పక్కన ఉత్తరం కిటికీ ఉన్న గది. పొడవాటి బల్ల, దాని మీద వరసగా తెల్ల కప్పులు, పక్కన నడుమెత్తు ఇత్తడి పీకుదాని. ఆ గదిలోకి పూలు, అత్తరు, సబ్బు వాసన ఏదీ రాకూడదని మా ఆవిడ కట్టడి. ఆసుపత్రి మందు వాసన అసలే రాకూడదు. అందుకే పెళ్లై వచ్చిన దగ్గర్నుంచి కోడలు ఆ గుమ్మం తొక్కలేదు.

ఆ రోజు తొక్కింది. పెద్ద డాక్టరు ఇచ్చిన తారీఖు చెప్పడానికి వచ్చి తలుపు తీసింది. నేను చెంచాతో టీ ఎత్తి జుర్రాను. గుడ్డ చింపినట్టు చప్పుడు అయింది. కోడలు ఉలిక్కిపడి తలుపు పట్టుకుంది.

“ఏం చేస్తున్నారు మామయ్యా?”

నోట్లో టీ ఉంది. పీకుదానిలోకి ధారగా కొట్టి చెప్పాను. “చూస్తున్నానమ్మా.”

“ఏం చూస్తున్నారు?”

“టీ.”

“మరి ఇప్పుడు ఉమ్మారు కదా, అది?”

“ఉమ్మడమేంటమ్మా అసహ్యంగా. వదిలేశాను.”

ఇలాంటి ప్రశ్న మమ్మల్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అందరూ అనేది రుచి చూడటమే. మా దుకాణంలో తాతల నాడే ‘రుచి’ అన్న మాట రాలిపోయి ‘చూడటం’ మిగిలింది. జుర్రు గట్టిగా ఉండాలి. గాలితో కలిసి టీ నోరంతా జల్లులా పడితేనే దాని గుణం ముక్కుకి తెలుస్తుంది. తాగితే పది కప్పులకే కడుపు నిండుతుంది, అందుకని వదిలేయాలి. మేం పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి మాకు చూడటమంటే అదే.

కోడలు తలుపు వదల్లేదు. పెదాలు కదులుతున్నాయి. “చూసి... వదిలేశాను,” అంటోంది తనలో తను.

“ఇంకోసారి చేయండి మామయ్యా.”

జుర్రాను. అబ్బాయి కూడా చెప్పకుండానే జుర్రాడు. వాడికి అప్పటికే అర్థమైపోయింది కాబోలు, చెంచా చేతిలోంచి జారి బల్ల మీద పడింది.

“గొట్టం పెట్టి పీలిస్తే ఇందులో నాలుగో వంతు లాగుడు కూడా ఉండదు,” అంది కోడలు. ఆ మాటతోనే వెనక్కి తిరిగి మెట్ల మీదికి పరిగెత్తింది. మేం వెనకాల.

మా ఆవిడ మంచం మీద దిండ్లు ఎత్తుగా పెట్టుకుని ఉంది. మా అక్క పక్కన కూర్చుని జావలో చెంచా తిప్పుతోంది.

“అత్తయ్యా! పళ్లు తీసిన మర్నాడు మీరు టీ చూశారా?”

“చూశా,” అంది మా ఆవిడ పళ్ల సందులోంచి. “అప్పుడే చెప్పాగా.”

“ఎన్ని కప్పులు?”

“బల్ల మీదున్నవన్నీ.”

“నొప్పి పుట్టలేదా?”

“ఎడమ పక్కకి తోసి చూశాను. చివరి కప్పు దగ్గర లోపల టప్‌మని ఏదో ఊడినట్టైంది. అన్నం మెతుకేమో అనుకున్నా.”

“అన్నీ... వదిలేశారు?”

“ఒక్కటి మింగితే ఒట్టు. మింగితే నువ్వు తిడతావని అన్నీ జాగ్రత్తగా వదిలేశాను.”

కోడలు నేల మీద చతికిలబడింది. ముందు నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది, మళ్లీ నవ్వైంది. మా ఆవిడకి సంగతి ఇంకా తెలియక, కోడలు ఏడుస్తోందని తనూ కళ్లు తుడుచుకుంటోంది.

“పీల్చొద్దన్నాను, ఉమ్మొద్దన్నాను, వేడిది తాగొద్దన్నాను. మీరు నేను వద్దన్నవన్నీ చేసి, ఒక్కటీ చేయలేదన్నారు.”

“నేను తాగలేదే!”

“తాగలేదు అత్తయ్యా. తాగి ఉంటే ఏమీ అయ్యేది కాదు.”

మా అక్క జావ గిన్నె కింద పెట్టింది. “అయితే ఇంతకీ తప్పెవరిది?” అంది. వదులుకునే రకం కాదు.

ఆ లెక్క నేను తేల్చాను. “ఎవరిదీ కాదక్కా. అమ్మాయి సరిగ్గా తూచి చెప్పింది, మీ మరదలు సరిగ్గా తూచి విన్నది. ఇద్దరి తూకపు రాళ్లూ వేరు. నష్టం మాటది.”

“మాటకి కుట్లు వేస్తారా మరి?”

“వేస్తారు,” అంది మా ఆవిడ. కోడలి వైపు తిరిగింది. “నువ్వే వేయి.”

కోడలి నవ్వు ఎవరో తుడిచేసినట్టు పోయింది.

“వద్దత్తయ్యా. పెద్ద డాక్టరుగారు...”

“ఆయన్ని పక్కన నిలబడమను. చెయ్యి నీదే ఉండాలి.”

“ఇంట్లోవాళ్లకి చేసేటప్పుడు చెయ్యి వణుకుతుంది. నాకు భయం.”

“నా దవడ రాదు, నీ చెయ్యి నిలవదు. బేరం ఆడుకుందాం. నేను నోరు తెరిస్తే నువ్వు వణక్కూడదు.”

“చూశావా తమ్ముడూ, పెట్టిన చిల్లు చాలక...” అని మా అక్క మొదలుపెట్టింది.

“వదినగారూ,” అంది మా ఆవిడ. ఇన్నేళ్లలో మా అక్క మాట మధ్యలో ఆవిడ అడ్డురావడం నేను వినలేదు. “ఈ పిల్లకి ఇప్పుడు ఈ పని ఇవ్వకపోతే ఇంకెవరూ ఇవ్వరు. తనకి తను కూడా ఇచ్చుకోదు.”

నేను వ్యాపారం చేసి జుట్టు నెరిసినవాణ్ణి. ఒకసారి సరుకు చెడిన సరఫరాదారుకి మళ్లీ ఆర్డరు ఇవ్వాలంటే ఎంత గుండె ఉండాలో నాకు తెలుసు. నా నోరైతే నేను ఇచ్చి ఉండేవాణ్ణి కాదు.

*

ముందు దవడ తెరవాలి. కోడలు సన్నని చెక్కపుల్లలు తెచ్చి పళ్ల మధ్య ఒకదాని మీద ఒకటి పేర్చేది. రోజూ ఇంకో పుల్ల దూర్చాలి. మా ఆవిడ కళ్ల వెంట నీళ్లు కారుతున్నా తల ఊపి ‘ఊఁ’ అనేది. మా అక్క ఎదురుగా కూర్చుని, “నేను తిడతాను, నోరెళ్లబెట్టు,” అని ప్రోత్సహించేది. ఆ పద్ధతి కూడా పనిచేసింది. కొత్త పుల్ల లోపలికి వెళ్లిన ప్రతిసారీ అబ్బాయి గోదాంలోకి వచ్చి, పెద్ద ఆర్డరు తెచ్చినవాడిలా చెప్పేవాడు.

చీము తగ్గింది. రెండు వేళ్లు నిలువుగా పట్టేంత నోరు వచ్చాక ఆపరేషన్ పెట్టారు. మేం బయట బెంచీ మీద కూర్చున్నాం. మా అక్క ఒక్క మాట మాట్లాడలేదు. అది చూసే నాకు ఎక్కువ భయం వేసింది.

తలుపు తెరుచుకుని ముందు పెద్ద డాక్టరు వచ్చాడు. చేతులు ఖాళీగా, పొడిగా ఉన్నాయి. “నేను నిలబడ్డాను, అంతే,” అన్నాడు. “బుగ్గ లోపలి చిగురు పొర లాగి కన్నం మీద కప్పి కుట్టింది. లాగుడు ఎక్కడా ఎక్కువ కాలేదు. మంచి కుట్టు.”

వెనక కోడలు వచ్చింది. మొహాన గుడ్డ ఇంకా తీయలేదు. కళ్లు మాత్రం నవ్వుతున్నాయి. అబ్బాయి అందరి ముందూ భార్య రెండు చేతులూ పట్టుకున్నాడు. మా అక్క మొహం తిప్పుకుంది. అది మర్యాద కోసం అనుకున్నాను. కాదు, కళ్లు తుడుచుకోవడానికి.

ఇంటికొచ్చాక కోడలు కొత్త ఆజ్ఞలు చెప్పింది. ఈసారి ముందు మా భాష నేర్చుకుని చెప్పింది.

“తాగొచ్చు, చల్లార్చి. చూడకూడదు. వదలకూడదు. జుర్రకూడదు. ముక్కు చీదకూడదు. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. అర్థమైందా అత్తయ్యా?”

“కళ్లతో చూడొచ్చా?”

“అలా మాత్రం చూడొచ్చు.”

*

కుట్లు ఇంకా నోట్లో ఉండగానే హోటళ్ల మనిషి వచ్చాడు. అతనికి చాలా ఊళ్లలో హోటళ్లున్నాయి. ఇన్నేళ్లూ అతనికి టీ కలిపి ఇచ్చిన దుకాణం మూతపడింది. ఆ పాత టీ కొంచెం డబ్బాలో తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“మా అతిథులకి మారిందని తెలియకూడదు. దీనికి జోడీ కలిపినవాళ్ల దగ్గరే ఇకనుంచి కొంటాను. ఇంకో ఇద్దరు వ్యాపారులకి కూడా ఇచ్చాను. శుక్రవారం వస్తాను,” అని వెళ్లిపోయాడు.

నేనూ అబ్బాయీ పొద్దంతా జుర్రాం. నాకు టీలా ఉంది. వాడికీ టీలానే ఉంది.

మా ఆవిడ కిందికి దిగివచ్చి తన కుర్చీలో కూర్చుంది. చల్లారిన టీ నాలుక మీద వేసుకుని తల అడ్డంగా ఊపింది. “సగమే తెలుస్తోంది. జుర్రితే గానీ మిగతా సగం రాదు.”

“జుర్రితే నా కుట్లు పోతాయి,” అంది తలుపు దగ్గర్నుంచి కోడలు. ఆ పూట ఆసుపత్రి నుంచి వచ్చి, స్నానం చేసి, వట్టి నీళ్లతో చేతులు కడుక్కుని మరీ వచ్చింది.

మా ఆవిడ ఆ పిల్లని కింది నుంచి పైదాకా చూసింది. ఆ చూపు నాకు తెలుసు. కొత్త తోట నమూనా సంచీ విప్పేటప్పుడు చూసే చూపు.

“నీ నోరు బాగానే ఉందిగా?”

“నాదా? ఉంది.”

“అయితే ఇలా కూర్చో. చెంచా తీసుకో. జుర్రు.”

“నాకు రుచుల పేర్లు తెలియవత్తయ్యా.”

“పేర్లు నా దగ్గరున్నాయి. ఎక్కడ ఏమవుతోందో చెప్పు చాలు.”

మొదటి జుర్రుకి పొలమారింది. రెండోదానికి అబ్బాయి చొక్కా మీద పడింది. మూడోది జుర్రులా వినిపించింది. కోడలు కళ్లు మూసుకుని, ఆసుపత్రిలో పక్కనున్న నర్సుకి చెబుతున్నట్టు చెప్పడం మొదలుపెట్టింది.

“కింది దవడ, రెండు పక్కలా, నాలుక అంచులు చివుక్కుమంటున్నాయి. బుగ్గ లోపలి గోడ బిగుస్తోంది, పటిక తగిలినట్టు. కోరపళ్ల నుంచి వెనక్కి వెళ్తోంది. ముందరి పళ్ల వెనక ఏమీ లేదు. అంగిలి మీద కొంచెం తీపి, ఆలస్యంగా వచ్చింది.”

“ఆలస్యంగా అంటే మింగాలనిపించాకా, ముందా?”

“తర్వాత.”

“మంచు కొండ తోట. ఆ పై వరస సంచీ తీయండి,” అంది మా ఆవిడ నాతో. “బుగ్గ బిగుసుకోవడం పై పళ్ల పక్కనా, కింది పళ్ల పక్కనా?”

“పైన. రెండో దవడ పన్ను ఎదురుగా.”

“వాన తర్వాత కోసిన ఆకు. సన్న రకం వద్దు, ముతక. ఒక పిడికెడు.”

కలిపాం. కాచాం. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టాం. కోడలు జుర్రింది, వదిలింది. పీకుదానిలోకి తిన్నగా పడింది. మా ఆవిడ మెచ్చుకోలుగా కనుబొమ్మ ఎత్తింది.

“పాతదానిలో ముందరి పళ్ల వెనక ఖాళీ ఉంది. మనదానిలో నిండిపోయింది.”

“ఎక్కువైంది. తీసేయ్.”

అలా ఎన్ని కప్పులు మార్చారో నేను లెక్క పెట్టలేదు. లెక్క పెట్టకుండా నేను గడిపిన పూటలు చాలా తక్కువ. ఒకరి నోరు, ఇంకొకరి తెలివి. మధ్యలో ఆ పిల్ల చదివిన పళ్ల చదువే వంతెన అయింది. ఈవిడ ఇన్నేళ్లుగా గాల్లో వేళ్లు తిప్పి చూపించినదాన్ని, ఆ పిల్ల పన్ను పేరు పెట్టి చెబుతోంది. మా ఆవిడ మొహంలో ఆకలిగా ఉన్నవాళ్ల ముందు విస్తరి వేసినప్పటి వెలుగు చూశాను.

శుక్రవారం హోటళ్ల మనిషి తన పాత టీనీ ముగ్గురి జోడీలనీ ఒకే రకం కప్పుల్లో పోయించుకున్నాడు. కప్పుల అడుగున గుర్తులు పెట్టించి, తను గోడ వైపు తిరిగి నిలబడి, వరస మార్పించాడు. తర్వాత ఒక్కొక్కటే తాగాడు. పాపం, అతనికి చూడటం రాదు, తాగడమే.

రెండు కప్పులు పక్కకి పెట్టేశాడు. మిగతా రెండిటి మధ్య చాలాసేపు తచ్చాడాడు. దీన్ని తాగాడు, దాన్ని తాగాడు. చివరికి ఒకటి పైకెత్తి, “ఇదే నా పాతది. అనుమానం లేదు,” అన్నాడు.

అబ్బాయి కప్పు తిప్పి చూపించాడు. అడుగున మా గుర్తు.

హోటళ్ల మనిషి గట్టిగా నవ్వి నాకు చెయ్యి ఇచ్చాడు. “ఎవరండీ కలిపింది?”

“మా ఇంటి నోరు,” అన్నాను. ఎవరిదో చెప్పలేదు. వ్యాపారంలో అన్నీ చెప్పకూడదు.

అతను వెళ్లగానే మా అక్క కోడల్ని పక్కకి పిలిచింది. “నాకూ వెనక పన్ను ఒకటి సలుపుతోందమ్మా, చాలా రోజులుగా. ఒకసారి చూడవూ?”

“ఏ చూడటం పెద్దమ్మగారూ? మాదా, మీదా?”

మా అక్క నోరు తెరిచి మాట రాక నిలబడటం అదే మొదటిసారి. ఆ తెరిచిన నోట్లోకే కోడలు దీపం వేసింది.

*

కుట్లు తీసేశారు. చిగురు గులాబీ రంగులో గట్టిపడింది. ముక్కు మూసి ఊదితే బుడగ లేదు. గ్లాసుడు నీళ్లు తాగితే అన్నీ గొంతులోకే వెళ్లాయి. ‘న’ మళ్లీ ‘న’ అయింది. అప్పుడు కూడా కోడలు వెంటనే వదల్లేదు. ఇంకా కొన్ని వారాలు ఆపి, పెద్ద డాక్టరుకి చూపించి, ఒక పొద్దున్న చూపుల గది తలుపు తనే తీసి పట్టుకుంది.

“చూడండి అత్తయ్యా,” అంది.

బల్ల మీద కొత్త కోత నమూనా ఒకటే ఉంది. ఆ తోట దళారి అప్పటికే ఫోనులో ఉన్నాడు. మొత్తం సరుకు మాకే ఇస్తానంటున్నాడు, కానీ ఈ నిమిషమే చెప్పాలి. వెనక ఇంకో కొనుగోలుదారు కాచుకుని ఉన్నాడట. ఫోను చెవిన పెట్టుకుని నేను మా ఆవిడ చెంచా వైపు చూస్తున్నాను.

జుర్రింది.

గుడ్డ చింపిన చప్పుడు. ఆ ఇంట్లో నేను విన్న చప్పుళ్లన్నిటిలోకీ తియ్యనిది. గోదాంలో హమాలీలు కూడా మూటలు ఆపి ఇటు తిరిగారు. మా ఆవిడ కళ్లు మూసుకుంది. ముక్కు రంధ్రాలు రెండూ, రెండూ, విచ్చుకున్నాయి. ధారగా వదిలింది. కళ్లు తెరిచేసరికి నీళ్లతో మెరుస్తున్నాయి.

“అంతా వచ్చింది,” అంది. “పూర్తిగా వచ్చింది.”

అబ్బాయి బల్ల మీద అరచేత్తో చరిచాడు. మా అక్క పమిట కొంగు కళ్లకి అడ్డం పెట్టుకుని, పొగ వస్తోందని అబద్ధమాడింది. కోడలు గోడకి ఆనుకుని, ఊపిరంతా ఒక్కసారే వదిలింది.

“కొనండి. మొత్తం కొనండి,” అంది మా ఆవిడ. “ఇలాంటి ఆకు ఈ మధ్య చూడలేదు.”

నేను ఫోనులో ‘సరే’ అనబోయాను.

అలవాటు పడ్డ చెయ్యి ఊరుకోదు. కోడలు తన చెంచాతో అదే కప్పులోంచి ఎత్తి జుర్రింది. వదిలింది. కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి. ఇంకోసారి జుర్రింది.

“వద్దు మామయ్యా,” అంది.

ఆ బల్ల దగ్గర మా ఆవిడ మాటని కాదన్నవాళ్లు లేరు. నేనే కాదు, మా నాన్న కూడా ఏనాడూ కాదనలేదు.

“ముందర బాగుంది. వెనక పళ్ల దగ్గరికి వెళ్లాక ఏదో విరిగిపోతోంది,” అంది కోడలు. గొంతు చిన్నదే గానీ వణకలేదు. “నాకు తప్పు తోచిందేమో అత్తయ్యా. కానీ ఉంది.”

“హలో? చెప్పండి, ఏమంటారు?” అంటున్నాడు దళారి నా చెవిలో.

మా ఆవిడ నా వైపు చూడలేదు. అబ్బాయి వైపు చూడలేదు. కోడలి మొహంలోకి చాలాసేపు చూసింది. కోపమో కాదో అన్నేళ్లు కాపురం చేసిన నాకే తెలియలేదు. చెంచా అందుకుని, కప్పు ఇద్దరి మధ్యకి జరిపింది.

“నాతోపాటు చూడు,” అంది.

రెండు చెంచాలు ఒకేసారి లేచాయి. నేను ఫోను మీద అరచెయ్యి మూసి ఉంచాను.